చాయ్ రంగు పట్టింది పన్నుకా, సిమెంటుకా?

నల్లగొండ జిల్లాలో పంటి మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఎవరూ రెండో కారణం వెతకరు. 'ఫ్లోరైడ్ నీళ్లు' అనేస్తారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో తరాల తరబడి బోరు నీళ్లే తాగి పెరిగినచోట ఆ మాట ఊరికే పుట్టలేదు. అయితే ఇప్పుడు కనిపిస్తున్న మచ్చల్లో కొన్నింటికి బావితోగానీ బోరుతోగానీ సంబంధం లేదు. రెండు మూడేళ్ల కింద పంటికి పెట్టించుకున్న తెల్ల సిమెంటు రోజుకు నాలుగైదు చాయ్‌లతో మెల్లగా రంగు తిరిగి అలా కనిపిస్తుంటుంది. చేసింది చాయ్ అయితే నింద నీళ్ల మీద పడుతుంది. అక్కడితో ఆగితే బాధ లేదు. 'మా నీళ్లకు ఏ సిమెంటూ నిలవదు' అని నమ్మినవాళ్లు పాలిష్ చేస్తే పోయే మచ్చతో ఏళ్ల తరబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

పంటి మీద గోధుమరంగు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది ఫ్లోరోసిస్. దవడ ఎముక లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల లోపు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పైన ఉండే గట్టి పొర, అంటే ఎనామిల్, గట్టిగా అల్లుకోదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. అది దాటినచోట పెరిగిన పిల్లల పళ్లు సుద్దముక్కలా తెల్లగా, గీతలు గీతలుగా మొలుస్తాయి. గోధుమరంగు ఆ తర్వాత వస్తుంది. సన్నటి రంధ్రాలున్న ఆ ఎనామిల్ లోపలికి తిండి, పానీయాల రంగు ఏళ్ల తరబడి ఇంకుతుంది. అంటే ఫ్లోరైడ్ మచ్చలో కూడా చాయ్ వాటా ఉందన్నమాట. పెద్దయ్యాక ఆ నీళ్లు తాగితే ఎముకలకు ముప్పుందిగానీ అప్పటికే వచ్చిన పళ్లకు కొత్తగా ఈ మచ్చ రాదు. కాబట్టి నలభై ఏళ్ల మనిషికి ఒకే ఒక్క పన్ను ఈ మధ్య రంగు మారితే నీళ్లను అనుమానించడంలో అర్థం లేదు.

రెండోది గార. పంటి మీద పాచి గట్టిపడి, దానికి చాయ్, వక్క, పొగాకు రంగు అంటుకుంటుంది. డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయిస్తే పోతుంది. మూడోది సిమెంటుకు పట్టిన రంగు. మిగతా వ్యాసమంతా దాని గురించే.

వేరు చెప్పుకోవడం పెద్ద కష్టం కాదు. ఫ్లోరోసిస్ నోటికి రెండు వైపులా జంటగా వస్తుంది. కుడివైపు పంటికి ఉన్న మచ్చ ఎడమవైపు అదే పంటికి కూడా కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సిమెంటు మచ్చకు జంట ఉండదు, దానికి ఒక అంచు ఉంటుంది. నాలుకతోనో గోరుతోనో తడిమితే ఆ అంచు తెలిసినా తెలియవచ్చు.

సిమెంటు అనే ప్లాస్టిక్

ఆస్పత్రిలో 'సిమెంటు పెట్టాలి' అంటారు, ఇంట్లోనూ అదే మాట. గోడకు వేసే సిమెంటులా రాయి అయిపోతుందన్న భ్రమ ఈ పేరుతోనే మొదలవుతుంది. పంటి రంగులో ఉండి నీలం లైటు కొడితే గట్టిపడేది నిజానికి కాంపోజిట్ అనే ప్లాస్టిక్. అమెరికాలో రఫెల్ బోవెన్ అనే పరిశోధకుడు తయారు చేసి 1962లో పేటెంటు పొందిన బిస్-జీఎంఏ అనే జిగురు దీనికి మూలం. బరువులో ముప్పావు వంతు వరకూ గాజు, సిలికా పొడి ఉంటుంది. మిగతాది ఆ గాజు రేణువుల్ని పట్టి ఉంచే జిగురు. రంగు తాగే గుణం జిగురుది, గాజుది కాదు.

వంటింట్లో దీనికి అచ్చమైన పోలిక ఉంది. పప్పుచారు పోసిన స్టీలు గిన్నె ఒకసారి కడిగితే తళతళలాడుతుంది. పింగాణి కప్పులో చాయ్ గీత పడినా కాస్త సోడా పెట్టి రుద్దితే పోతుంది. అదే ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో కోడికూర పెడితే పసుపు, కారం రంగు డబ్బా గోడలోకే దిగిపోతాయి. ఎంత తోమినా డబ్బా పచ్చగానే ఉంటుంది. సహజమైన పన్ను చాలావరకు పింగాణి కప్పు లాంటిది, కాంపోజిట్ టిఫిన్ డబ్బా లాంటిది. రెండూ ఒకే నోట్లో పక్కపక్కనే ఉండి ఒకే చాయ్ తాగుతాయి. కొన్నేళ్లకు ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకొకలా కనిపించడంలో వింతేమీ లేదు.

జిగురు నీళ్లు పీల్చడం దగ్గర కథ మొదలవుతుంది. నోట్లో పెట్టిన తొలి రోజుల నుంచే కాంపోజిట్ లాలాజలాన్ని కొద్దికొద్దిగా లోపలికి తీసుకుంటుంది. నీరు నడిచిన దారిలో రంగు కూడా నడుస్తుంది. చిక్కటి బిస్-జీఎంఏను పలచన చేయడానికి కలిపే టెగ్‌డీఎంఏ అనే పదార్థానికి నీరంటే మక్కువ ఎక్కువ. అది ఎక్కువున్న రకాలు త్వరగా రంగు పడతాయి. యూడీఎంఏ అనే మరో జిగురు ఎక్కువున్నవి కాస్త నిలబడతాయి. డబ్బా మీద పేరు చూసి రోగి తేల్చుకోగల సంగతి కాదిది. 'ముందుపళ్లకు ఏ రకం వాడుతున్నారు సార్' అని అడిగితే మాత్రం తప్పు లేదు.

లైటు విషయం ఇంకా ముఖ్యం. కాంపోజిట్‌లో క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపుపచ్చటి పదార్థం కొద్దిగా ఉంటుంది. సుమారు 470 నానోమీటర్ల నీలికాంతి తగలగానే అది జిగురు అణువుల్ని ఒకదానికొకటి ముడివేయడం మొదలుపెడుతుంది. కాంతి లోతుకు వెళ్లలేదు కాబట్టి ఒక్కో పొర 2 మిల్లీమీటర్లు దాటకుండా పెట్టి, ఒక్కోదానికి విడిగా లైటు కొట్టాలి. అంత చేసినా ముడులన్నీ పడవు. అణువుల్లోని జంట బంధాల్లో సగానికి పైన, మహా అయితే మూడొంతుల దాకా కలుస్తాయి. లైటు కొన మీద పాత సిమెంటు అంటుకుని ఉన్నా, బ్యాటరీ నీరసించినా, తొందరలో పది సెకన్లకే తీసేసినా ఆ లెక్క ఇంకా పడిపోతుంది. ముడిపడని జిగురు అంటే రంగుకు తలుపు తీసిపెట్టినట్టే. లైటు ఆపాక కూడా గట్టిపడటం దాదాపు 24 గంటలు సాగుతుంది. 'ఈ ఒక్కరోజు చాయ్, కాఫీ వద్దు' అని డాక్టరు చెప్పేది ఇందుకే. దవాఖాన మెట్లు దిగగానే ఎదురుగా చాయ్ బండి ఉండే మన ఊళ్లలో ఈ సలహా ఎంతమంది పాటిస్తారన్నది వేరే ప్రశ్న.

గాలి తగిలే పైపొర సంగతి చాలామందికి తెలియదు. గాలిలోని ఆక్సిజన్ ముడిపడటాన్ని అడ్డుకుంటుంది. అందుకే లైటు కొట్టాక కూడా పైన సన్నటి జిగట పొర మిగులుతుంది. దాన్ని అరగదీసి పాలిష్ చేయకుండా వదిలేస్తే మొదటి వారంలోనే పచ్చబడొచ్చు. కొందరు డాక్టర్లు పారదర్శకమైన పట్టీని అదిమిపెట్టి లైటు కొడతారు. అప్పుడు పైభాగం అద్దంలా వస్తుంది. అయితే ఆ అద్దపు నునుపులో గాజు తక్కువ, జిగురు ఎక్కువ. చూడటానికి బాగుంటుందిగానీ రంగు పట్టడంలో అదే ముందుంటుంది. దాన్ని కూడా తీసి పాలిష్ చేయాల్సిందే.

గ్లాసులో ఏముందన్నదే ముఖ్యం

చాయ్ నలుపు చాయ్‌పత్తిలోనే ఉంది. తేయాకును నలిపి గాలికి పులియబెట్టినప్పుడు అందులోని పదార్థాలు థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అనే ఎర్ర, గోధుమ రంగులుగా మారతాయి. హోటళ్లలో వాడే పొడిపత్తి సన్నగా ఉంటుంది కాబట్టి రంగు త్వరగా దిగుతుంది. పొద్దున పెట్టిన గిన్నెలోనే పత్తి కలుపుతూ మళ్లీ మళ్లీ మరిగించే బండి చాయ్‌లో ఈ రంగులు దట్టంగా ఉంటాయి. అయినా మన చాయ్‌కు ఒక రక్షణ ఉంది, పాలు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ చాయ్‌లో రంగు అంటించే టానిన్లు అనే వగరు పదార్థాలను పట్టుకుని పంటి మీద అంటనివ్వకుండా కొంత ఆపుతుంది. ఆరోగ్యమని పాలు మానేసి బ్లాక్ టీ, లెమన్ టీకి మారినవాళ్లు చక్కెర తగ్గించుకుని ఉండొచ్చుగానీ సిమెంటు రంగు విషయంలో మాత్రం నష్టపోయారు. నిమ్మరసం గ్లాసులోని రంగును తేలిక చేస్తుంది, అదే సమయంలో పులుపును నోట్లోకి తెస్తుంది. గ్లాసు తేలికగా కనిపించడం చూసి మోసపోకూడదు.

కాఫీ దారి వేరు. చాయ్ రంగు చాలావరకు పైన అంటుకుంటుంది. కాఫీలోని పసుపు రంగులు అంటుకోవడమే కాక జిగురు లోపలికి కూడా దిగుతాయి. పళ్లకు వాడే ఇలాంటి జిగురు పదార్థాల మీద 1991లో వెలువడిన ఒక అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపింది. బ్రష్ చేస్తే చాయ్ మచ్చ చాలావరకు పోయింది, కాఫీది నిలిచింది. తెలంగాణ పల్లెల్లో కాఫీ అలవాటు తక్కువే. కానీ హైదరాబాద్‌లో చదువుకుని, ఉద్యోగం చేసి వచ్చిన పిల్లలతో పాటు కాఫీ కూడా ఇంటికి వస్తోంది. ముందుపంటికి సిమెంటు ఉన్నవాళ్లు రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే పాల చాయ్‌కే ఓటు వేయొచ్చు.

కూల్‌డ్రింకు మీద అందరికీ కోపం. నల్లగా ఉంటుంది కాబట్టి అదే ఎక్కువ మచ్చ చేస్తుందనుకుంటారు. ప్రయోగాల్లో తేలింది వేరు. కోలా పీహెచ్ దాదాపు 2.5, అంటే చాయ్ కంటే ఎంతో పులుపు. అది సిమెంటు పైభాగాన్ని మెత్తబరచి గరుకు చేస్తుంది. కానీ దానిలోని కారమెల్ రంగు చాయ్, కాఫీ రంగుల్లా పట్టుకోదు. కాబట్టి కోలా ఒక్కటే తాగితే మచ్చ తక్కువ. కోలా గరుకు చేసిన చోట తర్వాత తాగిన చాయ్ హాయిగా కూర్చుంటుంది. తోడుదొంగల వ్యవహారమిది, పట్టుబడేది చాయ్ ఒక్కటే.

బత్తాయి రసాన్నీ ఈ కోవలోనే పెట్టాలి. నల్లగొండ అంటే బత్తాయి తోటలు. ఎండాకాలం రోడ్డు పక్కన గ్లాసుల కొద్దీ రసం అమ్ముడవుతుంది. నిమ్మంత పులుపు లేకపోయినా ఆమ్లం ఉంటుంది. రంగు పట్టించేంత శక్తి దానికి లేదు. తాగినవెంటనే బ్రష్ పట్టుకోకుండా నోరు పుక్కిలించి అరగంట ఆగితే చాలు. ఆ రసం మానమని చెప్పే దంత వైద్యం నల్లగొండలో చెల్లదు కూడా.

కల్లు గురించి ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ రెండు మాటలు ఎక్కువే రాయాలి. తాటికల్లయినా ఈతకల్లయినా తెల్లగా ఉంటుంది, దానికి పట్టే రంగే లేదు. అయితే అందులో కొద్ది శాతం ఆల్కహాల్, పొద్దెక్కే కొద్దీ పెరిగే పులుపు ఉంటాయి. బిస్-జీఎంఏ జిగురును మెత్తబరిచే వాటిలో ఆల్కహాల్ ముఖ్యమైనది. రెడ్ వైన్ సిమెంటు మీద అన్నిటికంటే ఘాటైన మచ్చ చేయడానికి కూడా కారణం ఆల్కహాల్, పులుపు, రంగు మూడూ ఒకే గ్లాసులో ఉండటమే. కల్లులో రెండే ఉన్నాయి, మూడోది పక్కన ఆకులో ఉంటుంది. పసుపు, కారం దట్టించిన గుడాలో, వేయించిన మాంసమో లేకుండా కల్లు తాగడం అరుదు. పసుపులోని కర్‌క్యుమిన్ కాంపోజిట్‌ను రంగు మార్చడంలో చాయ్‌కు ఏమాత్రం తీసిపోదు. మెత్తబడిన జిగురు మీదికి పసుపు చేరడం గీతలు పడ్డ గోడకు రంగు వేయడం లాంటిది. దగ్గు, జలుబుకు రాత్రిపూట తాగే పసుపు పాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పడుకునే ముందు తాగి నోరు కడుక్కోకుండా నిద్రపోతే ఆ పసుపు రాత్రంతా అక్కడే ఉంటుంది, నిద్రలో లాలాజలం కూడా తక్కువే ఊరుతుంది. కర్‌క్యుమిన్‌కు ఒక బలహీనత ఉంది, వెలుతురు తగిలితే విరిగిపోతుంది. పచ్చబడిన టిఫిన్ డబ్బాను ఎండలో పెడితే తేలికయ్యేది ఇందుకే. నోటికి ఆ సదుపాయం లేదు.

మజ్జిగ, అంబలి, కొబ్బరినీళ్లు సిమెంటుకు రంగు పట్టించవు. అంతకుమించి చెప్పేదేమీ లేదు.

ఎంత తాగారన్నదాని కంటే ఎంతసేపు, ఎన్నిసార్లు తాగారన్నదే లెక్క. ఒక్కసారి తాగేసిన పెద్ద గ్లాసు కంటే పొద్దంతా గుక్కగుక్కగా చప్పరించే అరకప్పులు ఎక్కువ హాని. పత్తి మిల్లులో, బియ్యం మిల్లులో, ఆటో స్టాండులో గంటకో హాఫ్ చాయ్ తాగేవాళ్లకు సిమెంటు త్వరగా రంగు తిరిగేది అందుకే. వేడి కూడా రంగు ఇంకడాన్ని తేలిక చేస్తుంది. ప్రయోగశాలల్లో సిమెంటు బిళ్లల్ని కాఫీలో 24 గంటలు నానబెడితే మామూలు మనిషి నెల రోజుల తాగుడుతో సమానమని ఒక లెక్క వేసుకుంటారు. లెక్కకు అది సులువు. కానీ సీసాలో లాలాజలం ఉండదు, నాలుక ఉండదు, పొద్దున్నే బ్రష్ ఉండదు. ఆ ఫలితాల్లోంచి ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వరుసను నమ్మొచ్చు, ఎన్ని నెలలకు ఎంత రంగు అన్న అంకెను నోటికి అన్వయించడం కుదరదు.

అంకె అంటే గుర్తొచ్చింది. రంగు తేడాను కొలవడానికి 1976లో అంతర్జాతీయంగా స్థిరపడిన సీఐఈల్యాబ్ అనే పద్ధతి ఉంది. తెలుపు-నలుపు, ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-నీలం అనే మూడు గీతల మీద రంగుకు చోటు చూపి, రెండు రంగుల మధ్య దూరం కొలుస్తారు. ఆ దూరం 3.3 దాటితే సిమెంటు మచ్చ ఒప్పుకోలేనిదని చాలాకాలం భావించారు. తర్వాత ఆ హద్దును 2.7కు తగ్గించారు. కానీ మామూలు కంటికి 1.2 దగ్గరే తేడా తెలియడం మొదలవుతుంది. అద్దం ముందు రోగి కనిపెట్టిన మచ్చను డాక్టరు 'ఏం లేదులే' అని కొట్టిపారేసే చాలా గొడవలకు మూలం ఈ 1.2కూ 2.7కూ మధ్య ఉన్న సందే.

కుర్చీలో జరిగే తప్పులు

రంగు మారిందంటే నెపమంతా చాయ్ మీదికి నెట్టడం డాక్టర్లకు అలవాటు. సగం నిజం కుర్చీ దగ్గర ఉంది. సిమెంటు పెట్టడానికి ఇరవై నిమిషాలు పడితే పాలిష్‌కు మరో పది నిమిషాలు పట్టాలి. ముతక బిళ్లతో మొదలుపెట్టి వరుసగా సన్నటివాటికి రావాలి. పైభాగంలో ఎత్తుపల్లాలు 0.2 మైక్రోమీటర్లు దాటితే పాచి పేరుకోవడం పెరుగుతుందని దంత వైద్యంలో ఒక హద్దు ఉంది. బయట రోగులు వరుసలో కూర్చుని ఉంటే తెగిపోయేది ఈ పది నిమిషాలే.

రెండో తప్పు రంగు ఎంపికలో జరుగుతుంది. నోరు తెరిచి ఉంచి, దూది పెట్టి, గాలి కొట్టాక పన్ను ఎండిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు నమూనా పళ్ల పట్టీని పక్కన పెట్టి రంగు ఎంచుకుంటే సిమెంటు తెల్లగా వస్తుంది. మర్నాటికి పన్ను తడిసి తన రంగుకు వస్తుంది, సిమెంటు మాత్రం అలాగే మెరుస్తుంటుంది. కొన్ని నెలలకు అది చాయ్ తాగి పన్ను రంగుకు చేరితే రోగి అదృష్టం. ఇది నవ్వులాటకు అన్నమాటే, దీన్ని ఎవరూ చికిత్సగా వాడకూడదు. రంగు పన్ను తడిగా ఉండగానే, పగటి వెలుతురులో చూసుకోవాలి.

మూడోది అంచు. గట్టిపడేటప్పుడు కాంపోజిట్ సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. పన్నుతో అతుకు బలంగా లేకపోతే అంచున వెంట్రుక సందు పడి, చాయ్ అందులోకి దిగి సిరాతో గీసినట్టు గోధుమ గీత కనిపిస్తుంది. ఫ్లోరోసిస్ ఉన్న పంటికి ఇది ఎక్కువ. ఫ్లోరైడ్ పట్టిన పైపొర ఆమ్లానికి త్వరగా లొంగదు. అతికించే ముందు పంటిని గరుకు చేయడానికి పూసే ఫాస్ఫారిక్ ఆమ్లం మామూలు సమయంలో అక్కడ సరిగా పనిచేయకపోవచ్చు. అందుకే కొందరు డాక్టర్లు ఆ పొరను కొంచెం గీరి లేదా ఎక్కువసేపు ఆమ్లం ఉంచి అతికిస్తారు. నీళ్ల ప్రభావం సిమెంటు మీద నిజంగా పడేది ఈ ఒక్కచోటే, అదీ ముప్పై ఏళ్ల కిందటి బాల్యపు నీళ్లది. గీత కనిపించినంత మాత్రాన లోపల పుచ్చు మొదలైందని కూడా కాదు. గీత దగ్గర మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నది పరీక్షిస్తే తెలుస్తుంది.

తక్కువ ఖర్చని పెట్టే గ్లాస్ అయానమర్ రకం సిమెంటూ పంటి రంగులోనే ఉంటుంది. 1970ల మొదట్లో ఇంగ్లండులో విల్సన్, కెంట్ వెలుగులోకి తెచ్చిన ఈ పదార్థం మెరవదు, గరుకుగా ఉంటుంది, త్వరగా మాసిపోతుంది. వెనకపళ్లకు, చిన్నపిల్లల పాలపళ్లకు పనికొస్తుందిగానీ ముందుపళ్ల అందానికి కాదు. రెంటినీ 'తెల్ల సిమెంటు' అనే ఒకే మాటతో పిలవడం వల్ల ఒకరికి అయిదేళ్లు తెల్లగా ఉన్నది ఇంకొకరికి ఏడాదిలోనే ఎందుకు మాసిందో ఎవరికీ అర్థం కాదు.

ఇంట్లో చేసే వైద్యం చాలాసార్లు మచ్చను పెంచుతుంది. బొగ్గుపొడి, ఉప్పు, బూడిద, ఎర్ర పళ్లపొడి పెట్టి వేలితో గట్టిగా రుద్దితే ఆ రోజుకు తెల్లబడినట్టే ఉంటుంది. ఆ గరుకు పొడులు జిగురును గీకేసి గాజు రేణువుల్ని బయటికి లేపుతాయి. తర్వాతి చాయ్‌కు కూర్చోవడానికి కొత్త గుంటలు దొరుకుతాయి. చిగుళ్ల వాపుకు రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందును రెండు వారాలు దాటి వాడినా గోధుమ మచ్చలు పడతాయి, చాయ్ తాగేవాళ్లకు ఇంకా ఎక్కువ.

ఫ్లోరైడ్ పళ్లను కప్పించుకునేవాళ్లకు ఈ లెక్కలన్నీ ఒకేసారి ఎదురవుతాయి. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చాక కొత్త తరం పళ్లు బాగుంటున్నాయిగానీ అంతకుముందు పెరిగినవారు పెళ్లిళ్లకూ ఉద్యోగ ఇంటర్వ్యూలకూ ముందు నాలుగో ఆరో ముందుపళ్ల మీద కాంపోజిట్ పొర వేయించుకుంటున్నారు. బావి వేసిన గోధుమరంగును కప్పడానికి వేసిన తెల్లపొర చాయ్‌తో మళ్లీ గోధుమరంగుకే వస్తే గుండె జారిపోతుంది. కానీ ఈ రెండో గోధుమరంగు పైపొరల్లోనిది. చాలాసార్లు మళ్లీ పాలిష్ చేస్తే తేలికవుతుంది, అప్పటికీ పోకపోతే పైన సన్నటి పొర తీసి కొత్తది వేస్తారు. మొత్తం తవ్వి తీసేయమని అడగనక్కర్లేదు. తీసిన ప్రతిసారీ కొంత మంచి పన్ను కూడా పోతుంది.

పళ్లు తెల్లబరిచే బ్లీచింగ్ గురించి చివరి చిక్కు ఉంది. పెరాక్సైడ్ మందు పంటిని తెల్లబరుస్తుంది, సిమెంటు అసలు రంగును మార్చదు. సిమెంటు ఉన్నవాళ్లు బ్లీచింగ్ చేయించుకుంటే చుట్టూ పన్ను తెల్లబడి మధ్యలో పాత సిమెంటు అతుకులా మిగులుతుంది. కాబట్టి బ్లీచింగ్ ముందు, సిమెంటు తర్వాత. ఆ రెంటికీ మధ్య రెండు వారాల ఎడం ఉండాలి, లేకపోతే పంటిలో మిగిలిన పెరాక్సైడ్ అతుకును చెడగొడుతుంది. బ్లీచింగ్‌కే ఒకటి రెండు వారాలు పడుతుంది. సిమెంటు వేశాక ఒకరోజు చాయ్ మానాలి, రంగు కుదిరిందో లేదో చూసుకోవడానికి ఇంకో వారం ఉంచుకోవాలి. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు, నలుగు పెట్టే ముందురోజు సాయంత్రం పట్నానికి వచ్చి 'రేపటికల్లా తెల్లగా కావాలి' అని అడిగేవాళ్లకు ఏ డాక్టరూ ఈ వరుసను సరిగా కుదర్చలేరు. నెలన్నర ముందు వస్తే కుదురుతుంది.